చార్జర్ల డ్రాయర్ నుంచి అటక దాకా: పాత గ్యాడ్జెట్లను ఒక్క ఆదివారంలో సర్దేయండిలా

కొత్త ఫోన్ ఏది కొనాలో చెప్పే రివ్యూలు బోలెడు. కొన్నాక పాతదాన్ని ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే దాదాపు అందరి ఇళ్లలోనూ సీన్ ఒకటే. టీవీ స్టాండ్ కింద డ్రాయర్ లాగితే చిక్కుపడిన కేబుళ్లు, ఏ ఫోన్‌దో తెలియని చార్జర్లు, మూత పోయిన పెన్‌డ్రైవ్‌లు. అటక మీద చూస్తే (కొన్ని ఇళ్లలో సజ్జ అంటారు) ఖాళీ ఫోన్ డబ్బాలు, టీవీ వచ్చిన అట్టపెట్టె, దాన్నిండా థర్మాకోల్, పాత సెట్‌టాప్ బాక్స్, పనిచేయని రౌటర్. ఏదైనా తీసి పారేద్దామంటే ఇంట్లో ఎవరో ఒకరు "ఉంచరా, ఎప్పుడైనా పనికొస్తుంది" అంటారు. అంతే, మళ్లీ లోపలికే!

ఇది కేవలం నీట్‌గా కనిపించడం గురించిన విషయం కాదు. ఆ డ్రాయర్‌లో మూడు రకాల నష్టాలు దాక్కుని ఉంటాయి. మొదటిది, బ్యాటరీ ఉన్న ప్రతి పాత వస్తువూ మంటలకు కారణం కాగలదు. రెండోది, పాత ఫోన్లలో, మెమరీ కార్డుల్లో మీ ఫొటోలు, బ్యాంకు మెసేజ్‌లు, లాగిన్‌లు అలాగే ఉంటాయి. మూడోది, ఈరోజు నాలుగు డబ్బులొచ్చే ఫోన్ రెండేళ్లు డ్రాయర్‌లో పడుంటే ఎవరూ కొనరు. కాబట్టి ఈ పనిని ఇల్లు ఊడ్చినట్టు కాకుండా కాస్త టెక్నికల్‌గా చేద్దాం. దేన్ని ఉంచాలి, దేన్ని వదిలించుకోవాలి, ఉంచినదాన్ని ఎలా దాచాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అన్నీ బయటికి

ఫ్యాక్టరీల్లో వాడే జపాన్ పద్ధతి ఒకటుంది, 5ఎస్ అంటారు. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెత్సు, షిత్సుకే. అంటే ఏరివేయడం, ప్రతిదానికీ చోటివ్వడం, శుభ్రం చేయడం, ఒకే పద్ధతి పెట్టుకోవడం, దాన్ని అలవాటుగా మార్చుకోవడం. ఇందులో కీలకం ఆ వరుసే. మనలో చాలామంది ముందు ఆన్‌లైన్‌లో రెండు ప్లాస్టిక్ బాక్సులు ఆర్డర్ చేసి, చెత్తంతా అందులో సర్దేసి "ఆర్గనైజ్ చేశా" అనుకుంటాం. ఏరివేత జరగకుండా బాక్సులు కొంటే, చెత్తకి కొత్త ఇల్లు కట్టినట్టే.

అందుకే డ్రాయర్లు, బీరువా పై అర, అటక మీది సంచులు అన్నీ ఒకేసారి దింపి, నేలమీద పాత దుప్పటి పరిచి పోయండి. తర్వాత ఐదు కుప్పలు చేయండి:

- బ్యాటరీ ఉన్నవి: ఫోన్లు, పవర్‌బ్యాంకులు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌లు, విడి సెల్స్
- కేబుళ్లు, చార్జర్లు, అడాప్టర్లు
- డేటా ఉన్నవి: మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు, హార్డ్‌డిస్కులు
- కరెంటు మీద నడిచేవి: రౌటర్లు, సెట్‌టాప్ బాక్సులు, స్పీకర్లు
- ఖాళీ డబ్బాలు, బిల్లులు, మాన్యువల్స్

ఫోన్లు మొదటి కుప్పలోనూ మూడో కుప్పలోనూ వస్తాయి కదా అనే డౌట్ రావచ్చు. ముందు బ్యాటరీ చెక్, ఆ తర్వాతే డేటా. ఎందుకంటే ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోన్‌ని "ఫొటోలు తీసుకుందాం" అని చార్జింగ్‌లో పెట్టడం ఈ పని మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరం.

బ్యాటరీలు: తొందర ఇక్కడే

ప్రతి ఫోన్‌నీ, పవర్‌బ్యాంక్‌నీ టేబుల్ మీద బల్లపరుపుగా పెట్టి చూడండి. వెనుక ప్యానెల్ లేచిందా? స్క్రీన్ అంచు దగ్గర సందు వచ్చిందా? టేబుల్ మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా తిరుగుతోందా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. లిథియం అయాన్ సెల్‌లో ఉండే ఎలక్ట్రోలైట్ కాలంతోపాటు, వేడికి విచ్ఛిన్నమై గ్యాస్ తయారవుతుంది. ఆ గ్యాసే ఈ ఉబ్బు. దాన్ని నొక్కడం, సూదితో గుచ్చడం, చార్జ్ చేయడం, మామూలు చెత్తబుట్టలో వేయడం, ఈ నాలుగూ చేయకూడదు. గాలి ఆడే చోట, మండే వస్తువులకు దూరంగా, ఇసుక పోసిన మట్టి పాత్రలోనో నాపరాయి మీదో ఉంచి, వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. గట్టిగా మూత పెట్టిన డబ్బాలో మాత్రం పెట్టొద్దు.

ఉబ్బనివాటి సంగతేంటి? ఫుల్ చార్జ్ చేసి దాచడం, పూర్తిగా జీరో అయ్యాక దాచడం రెండూ తప్పే. వంద శాతం చార్జ్‌కి వేడి తోడైతే బ్యాటరీ వేగంగా ముసలిదవుతుంది. జీరోలో వదిలేస్తే నెమ్మదిగా ఇంకా కిందికి జారి, సెల్ వోల్టేజ్ మరీ పడిపోయి మళ్లీ లేవదు. ఆపిల్ తన సపోర్ట్ పేజీలో ఇచ్చే సలహా అన్ని బ్రాండ్లకీ పనికొస్తుంది: సుమారు 50 శాతం చార్జ్ ఉంచి, స్విచాఫ్ చేసి, 32 డిగ్రీల కంటే చల్లగా ఉండేచోట పెట్టాలి. ఆరు నెలలకోసారి మళ్లీ 50 శాతానికి తేవాలి.

ఇప్పుడు మన అటక గురించి ఆలోచించండి. మే నెలలో ఎండకి కాలిన శ్లాబు కిందే అటక. 32 డిగ్రీలు కాదు కదా, సాయంత్రానికి కూడా అక్కడ చేయి పెట్టలేం. కాబట్టి రూల్ సింపుల్: బ్యాటరీ ఉన్నదేదీ అటక ఎక్కకూడదు. ఫోన్లకీ, పవర్‌బ్యాంకులకీ చోటు గదిలో కింది అరలోనే.

విడి సెల్స్‌తో ఇంకో చిక్కు. 9 వోల్టుల బ్యాటరీకి రెండు టెర్మినల్స్ పక్కపక్కనే ఉంటాయి. డ్రాయర్‌లో తాళంచెవి, నాణెం, సేఫ్టీపిన్ లాంటిది వాటికి అడ్డంగా పడితే షార్ట్ అవుతుంది. టెర్మినల్స్ మీద చిన్న టేపు ముక్క అంటించేస్తే సరిపోతుంది. రిమోట్లలో వాడే చిన్న గుండ్రటి లిథియం సెల్స్‌ని మాత్రం పిల్లలకు అందని చోటే పెట్టండి. పొరపాటున మింగితే రెండు గంటల్లోనే ఆహార నాళాన్ని కాల్చేయగలవు. వాడని రిమోట్లు, టార్చిలైట్లు, గోడ గడియారాల్లోంచి పెన్సిల్ సెల్స్ తీసేయండి. అవి లీకై తెల్లటి పొడి పేరుకుంటే వస్తువు పాడైనట్టే.

"మా నాన్న నోకియా 1100 మాత్రం పారేయను" అంటారా? పారేయక్కర్లేదు. 2003లో వచ్చిన ఆ ఫోన్‌ని గుర్తుగా ఉంచుకోవడంలో తప్పేం లేదు. బ్యాటరీ బయటకు తీసి ఫోన్ మాత్రం దాచండి. అన్నట్టు, అందులో వాడిన బీఎల్-5సీ మోడల్ బ్యాటరీకి ఓ చరిత్ర ఉంది. 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ మధ్య మత్సుషిటా తయారుచేసిన ఈ మోడల్ బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కే అవకాశం ఉందని 2007లో నోకియానే హెచ్చరిక ఇచ్చింది. వాటి సంఖ్య దాదాపు 4.6 కోట్లు!

కేబుళ్లు: చూపుకి ఒకేలా, పనిలో వేర్వేరు

డ్రాయర్‌లో ఎక్కువ చోటు తినేది ఇవే. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏదీ పారేయలేం. టైప్-సి వచ్చాక ఈ గందరగోళం తగ్గాల్సింది పోయి కొత్త రూపం తీసుకుంది. టైప్-సి అనేది పిన్ ఆకారం పేరు మాత్రమే. లోపల ఏముందో ఆ పేరు చెప్పదు.

రెండువైపులా టైప్-సి ఉన్న మామూలు కేబుల్ 3 యాంపియర్లు, అంటే 60 వాట్ల దాకా మోస్తుంది. అంతకు మించి 100 వాట్లో 240 వాట్లో కావాలంటే కేబుల్ లోపల ఇ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. అది లేకపోతే మీ 100 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్ కూడా 60 దగ్గరే ఆగిపోతుంది. డేటా స్పీడ్‌దీ ఇదే కథ. ఫోన్‌తో వచ్చే చాలా కేబుళ్లు యూఎస్‌బీ 2.0వే, గరిష్ఠంగా సెకనుకి 480 మెగాబిట్లు. కొన్ని చౌక కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు, చార్జింగ్ ఒక్కటే.

పాత, పేరులేని కేబుళ్లని వదిలించుకోవడానికి ఇంకో బలమైన కారణం ఉంది. 2015లో గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియుంగ్ అమెజాన్‌లో దొరికే టైప్-సి కేబుళ్లు కొని ఒక్కోటి పరీక్షించి రివ్యూలు రాయడం మొదలుపెట్టారు. ఒక చివర పాత యూఎస్‌బీ, రెండో చివర టైప్-సి ఉన్న కేబుళ్లలో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. చాలావాటిలో వేరే విలువ ఉంది. దాంతో ఫోన్ తనకి 3 యాంపియర్లు దొరుకుతాయనుకుని, అంత ఇవ్వలేని పోర్టు నుంచి లాగుతుంది. 2016లో ఒక కేబుల్‌లోనైతే వైర్లే తారుమారుగా కలిపి ఉండటంతో ఆయన టెస్టింగ్‌కి వాడే క్రోమ్‌బుక్ పిక్సెల్ పాడైపోయింది. నూటయాభై రూపాయల కేబుల్ లక్ష రూపాయల ల్యాప్‌టాప్‌కి ఎసరు పెట్టగలదన్నమాట.

ఇంట్లోనే చేసుకోగల టెస్ట్ ఇది. ముందుగా పైపొర చూడండి: పిన్ దగ్గర చీలిందా, నల్లగా మాడిన గుర్తుందా, వంచితే చార్జింగ్ ఆగిపోతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేరుగా ఇ-వేస్ట్ కుప్పలోకి. మిగిలినవాటితో ఫోన్ చార్జ్ చేసి ఫాస్ట్ చార్జింగ్ సూచిక వస్తుందో లేదో చూడండి. తర్వాత ల్యాప్‌టాప్‌కి కలిపి ఫైల్స్ కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఫలితాన్ని తెల్లటి టేపు మీద పెన్నుతో రాసి కేబుల్‌కి చుట్టండి: "ఫాస్ట్ + డేటా", "చార్జింగ్ మాత్రమే". వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ ఫోన్ల సొంత ఫాస్ట్ చార్జింగ్‌కి వాటి చార్జరు, వాటి కేబులు జంటగా కావాలి. వాటిని విడదీయకుండా ఒకే కవర్లో ఉంచండి.

ఎన్ని ఉంచుకోవాలి? ఇంట్లో వాడకంలో ఉన్న ప్రతి రకం పోర్టుకీ, వాడేది కాకుండా ఒక్క స్పేర్. మైక్రో యూఎస్‌బీ వాడే ఇయర్‌ఫోన్స్ ఒక్కటే ఉంటే మైక్రో కేబుళ్లు రెండు చాలు, ఎనిమిది అక్కర్లేదు. పైగా ఇక మీదట వైర్లు పెరగవు, తగ్గుతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకి టైప్-సి తప్పనిసరి. ఐఫోన్ కూడా 2023లో 15 సిరీస్‌తో అటే వచ్చేసింది.

రౌటర్లు, సెట్‌టాప్ బాక్సుల గుండ్రటి పిన్ అడాప్టర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. పిన్ సైజు ఒకటే అయినా ఒకటి 5 వోల్టులు, ఇంకోటి 9, మరోటి 12 ఉండొచ్చు. 5 వోల్టుల పరికరానికి 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే ఆ పరికరం పని అంతే. వోల్టేజ్, ప్లస్-మైనస్ గుర్తు రెండూ కచ్చితంగా కలవాలి. యాంపియర్లు మాత్రం సమానంగానో ఎక్కువగానో ఉంటే చాలు. ఏ పరికరానిదో తెలియగానే అడాప్టర్ మీద దాని పేరు రాసేయండి. దేనిదో తేలని అడాప్టర్‌ని దాచడంలో అర్థం లేదు.

పాత ఫోన్: ముందు ఫొటోలు, తర్వాత రీసెట్

బ్యాటరీ బాగున్న ఫోన్లని ఒక్కొక్కటే మీ కళ్లముందే చార్జ్ చేసి ఆన్ చేయండి. చాలా ఇళ్లలో తాతయ్య వాయిస్ రికార్డింగో, అక్క పెళ్లి వీడియోనో ఇంకెక్కడా లేకుండా ఇలాంటి ఫోన్‌లోనే ఉండిపోతుంది. వాటిని రెండు చోట్లకి కాపీ చేయండి, ఒకటి హార్డ్‌డిస్క్, ఒకటి క్లౌడ్. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్ని శాశ్వత భద్రతగా నమ్మొద్దు. ఫ్లాష్ మెమరీలో డేటా అంటే సెల్స్‌లో బంధించిన విద్యుదావేశమే. ఏళ్లతరబడి వాడకుండా వదిలేస్తే, అదీ వేడిలో, అది కారిపోవచ్చు.

కాపీ అయ్యాక ఈ వరుసలో వెళ్లండి. ఓటీపీ కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే కొత్త ఫోన్‌కి మార్చండి. వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి. యూపీఐ యాప్‌ల నుంచి లాగౌట్ అవండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తొలగించండి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. అకౌంట్ తీయకుండా రికవరీ మోడ్ నుంచి రీసెట్ కొడితే, ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉన్న రీసెట్ ప్రొటెక్షన్ వల్ల కొన్నవాళ్లకి పాత అకౌంట్ అడుగుతుంది. ఐఫోన్‌లో ఆక్టివేషన్ లాక్‌దీ ఇదే పని, కాబట్టి ఫైండ్ మై ఆపి, ఆపిల్ అకౌంట్ నుంచి సైనౌట్ అయి ఎరేజ్ చేయాలి.

రీసెట్ చేస్తే డేటా నిజంగా పోతుందా? ఆండ్రాయిడ్ 10తో వచ్చిన, ఆ తర్వాతి ఫోన్లలో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. రీసెట్‌లో తాళంచెవి లాంటి కీ చెరిగిపోతుంది కాబట్టి మిగిలిన డేటా ఎవరికీ అర్థంకాని గీతలే. మరీ పాత ఫోన్లలో ఎన్‌క్రిప్షన్ ఉండకపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ ఉంటే ముందు ఎన్‌క్రిప్ట్ చేసి, తర్వాత రీసెట్ చేయండి. స్క్రీన్ పగిలి ఏదీ చేయలేని ఫోన్ అయితే, గూగుల్ అకౌంట్‌లోని డివైజ్‌ల జాబితా నుంచి దాన్ని తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. సుత్తితో పగలగొట్టే ఐడియా మాత్రం వద్దు, లోపల బ్యాటరీ ఉంది!

అమ్మేటప్పుడు *#06# నొక్కి ఐఎంఈఐ నంబర్ రాసిపెట్టుకోండి. కొన్నవాళ్ల పేరు, తేదీ, సంతకంతో ఓ కాగితం తీసుకోండి. రేపు ఆ ఫోన్‌తో ఎవరైనా మోసం చేస్తే, "అది అప్పటికే అమ్మేశాను" అనడానికి మీ దగ్గర ఆధారం ఉండాలి. మీరే పాత ఫోన్ కొంటుంటే, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ కొట్టి, అది బ్లాక్ అయిందేమో చూసుకోవచ్చు.

"పాత ఫోన్‌ని సీసీ కెమెరాగా వాడుకోవచ్చు కదా" అనేవాళ్లకి ఒక్క మాట. వాడుకోవచ్చు, కానీ 24 గంటలూ చార్జింగ్‌లో ఉంచితే పైన చెప్పుకున్న ఉబ్బు సమస్య తప్పదు. టైమర్ ఉన్న ప్లగ్ పెట్టి, రోజుకి కాసేపే చార్జ్ అయ్యేలా చూడండి.

అటక మీది డబ్బాలు

ఫోన్ డబ్బా ఉంటే అమ్మేటప్పుడు కొంచెం మంచి ధర పలుకుతుందన్నది నిజమే. కానీ ఫోనే అమ్మేశాక డబ్బా ఎందుకు? ఏ వస్తువు ఇంట్లో లేదో, దాని డబ్బా కూడా ఉండక్కర్లేదు. ఇప్పుడు వాడుతున్న ఫోన్ల డబ్బాలు మాత్రమే ఉంచి, చిన్నవి పెద్దవాటిలో పెట్టండి. టీవీ, మానిటర్ పెట్టెలు అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి ఇల్లు మారేటప్పుడు పనికొస్తాయి. వాటిని మడతపెట్టి బల్లపరుపుగా ఉంచండి. సొంతిల్లయితే వారంటీ అయిపోగానే తీసేయొచ్చు. అట్ట అంటే చెదలకీ, బొద్దింకలకీ పండగే. శ్లాబు కొంచెం చెమ్మగిల్లిందంటే బూజు కూడా తోడవుతుంది.

బిల్లుల్ని ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఫైల్ పేరులో వస్తువు, కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ ఉండాలి. థర్మల్ పేపర్ బిల్లులు కొన్నాళ్లకి వెలిసిపోతాయి కాబట్టి ఫొటోనే గట్టి ఆధారం. మాన్యువల్స్ చాలావరకు కంపెనీ సైట్లలో పీడీఎఫ్‌గా దొరుకుతాయి.

ఎవరికివ్వాలి?

వీధిలో "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని వచ్చే బండికి ఇచ్చేయడం ఈజీనే. ఇనుమూ, అట్టలూ ఇవ్వండి, ఇబ్బంది లేదు. ఎలక్ట్రానిక్స్ మాత్రం వద్దు. అవి చేతులు మారి చివరికి చేరేచోట రాగి కోసం వైర్లు కాల్చడం, బంగారం కోసం బోర్డుల్ని యాసిడ్‌లో ముంచడం జరుగుతుంది. ఆ పొగ పీల్చేది అక్కడి పనివాళ్లు, వాళ్ల పిల్లలు.

ఇదే కారణంతో ఇంకో మాట కూడా. భోగి మంటల్లో పాత సామాన్లు వేసేటప్పుడు వైర్లు, ప్లాస్టిక్ బాడీలు, రిమోట్లు వేయకండి. పీవీసీ తొడుగు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల లాంటి విషవాయువులు వస్తాయి. మంట చుట్టూ చలి కాచుకునేది మన ఇంటి పిల్లలే. ఇక సెల్ ఉన్న వస్తువు మంటలో పడితే పేలుతుంది కూడా.

మన దేశంలో ఇ-వేస్ట్ నిర్వహణ నిబంధనలు 2022, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లే కాదు, 100కి పైగా రకాల వస్తువులు వీటి పరిధిలోకి వస్తాయి. తాము అమ్మినదానికి తగ్గట్టు రీసైక్లింగ్ చేయించే బాధ్యత కంపెనీలదే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ల వివరాలుంటాయి. పెద్ద బ్రాండ్లు తమ వెబ్‌సైట్లలో పాత పరికరాలు తీసుకునే ఏర్పాట్ల గురించి రాస్తాయి. వెళ్లే ముందు ఓ ఫోన్ చేసి, విడి కేబుళ్లు, పవర్‌బ్యాంకులు కూడా తీసుకుంటారో లేదో కనుక్కోండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే అందరివీ కలిపి ఒకేసారి పంపితే వాళ్లే వచ్చి తీసుకెళ్లే అవకాశం ఎక్కువ.

మళ్లీ నిండకుండా ఉండాలంటే

సర్దడం ఒక రోజు పని. అలాగే ఉంచడమే అసలు పరీక్ష. దానికి నాలుగు చిన్న అలవాట్లు చాలు.

ఒకటి, కొత్తది వచ్చిన వారంలోపే పాతది ఎవరికో, ఎక్కడికో తేల్చేయండి. ఎక్స్‌చేంజ్, అమ్మకం, తమ్ముడికివ్వడం, రీసైక్లింగ్, ఏదైనా సరే, డ్రాయర్ మాత్రం కాదు. రెండు, కేబుళ్లని మోచేతికి గట్టిగా చుట్టకుండా వదులుగా గుండ్రంగా చుట్టి, ఒక్కోదానికి ఒక వెల్క్రో పట్టీ వేసి జిప్ కవర్లలో పెట్టండి. మూడు, చోటుకి హద్దు పెట్టండి. స్పేర్ కేబుళ్లన్నిటికీ ఒక్క బూట్ల డబ్బా. అది నిండితే కొత్త డబ్బా వెతకడం కాదు, ఉన్నవాటిలో ఒకటి తీయాలి. నాలుగు, "ఎప్పుడైనా పనికొస్తుంది" అన్న వస్తువులన్నీ ఒక సంచిలో వేసి తేదీ రాయండి. పెద్దవాళ్లతో వాదన అక్కర్లేదు. "ఆర్నెల్లు ఉంచుదాం నాన్నా, అప్పటికీ తీయకపోతే ఇచ్చేద్దాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

ఆ ఆర్నెల్ల లెక్క గుర్తుంచుకోవడానికి రిమైండర్ యాప్ కూడా అవసరం లేదు. ఉగాదికి బూజు దులుపుతాం, దసరాకి ఆయుధపూజ చేస్తాం. రెండింటి మధ్య దూరం ఇంచుమించు ఆరు నెలలే. ఆ రెండు పండగలకీ దాచిన ఫోన్లు, పవర్‌బ్యాంకులు బయటకు తీయండి, ఉబ్బు ఉందేమో చూడండి, చార్జ్ 50 శాతానికి తెండి, సంచి మీది తేదీ చదవండి. అరగంటలో అయిపోతుంది.